తలలు తారుమారైన గండభేరుండం

నేను ఒక గండభేరుండాన్ని. ఒంటి మీద రెండు తలలు, బార్లా చాచిన రెండు రెక్కలు, గోళ్ళ కింద విరిగిన కోటగోడ. ఏ గోపురం మీదా కూర్చున్నదాన్ని కాదు, ఏ శిల్పీ చెక్కినదాన్నీ కాదు. రెజిన్‌తో పోతపోసిన బొమ్మను. బల్ల మీద ఆడే యుద్ధాల కోసం పుట్టాను.

ఆ ఆట తెలియనివారికి కాస్త చెబుతాను. పెద్ద బల్ల మీద అట్టలతో కొండలూ కోటలూ పేరుస్తారు. బొటనవేలంత సైనికుల్ని బారులు తీరుస్తారు. టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ, ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న పెద్దమనుషులు సాయంత్రం దాకా రాజ్యాలు గెలుస్తారు, పోగొట్టుకుంటారు. ఆ తరవాత గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటారు. మనుషులు చేసే యుద్ధాల్లో నాకు తెలిసినంతలో ఇదే మేలైనది.

బెంగళూరు శివార్లలో ఒక రేకుల షెడ్డు నా పుట్టిల్లు. ఇద్దరు స్నేహితులు నన్ను మైనంతో మలిచి, సిలికాన్ అచ్చులు తీసి, వాటిలో రెజిన్ పోశారు. పోసేటప్పుడు అది పలచటి పాయసంలా జారుతుంది, చూస్తుండగానే రాయవుతుంది. నన్ను ముక్కలుగానే పోశారు. ఒక సంచిలో తలలు, ఇంకో సంచిలో రెక్కలు, అడుగున మొండెం. నా కాళ్ళు నా మెడల్ని ఎరగకుండానే మేమందరం ఒకే పెట్టెలో పడుకుని విశాఖపట్నం వచ్చాం.

తెప్పించినాయన పేరు మనోహర్. పాలిటెక్నిక్ కాలేజీలో డ్రాయింగు చెప్పేవాడు. ఆదివారాలు, అప్పటికి ఎనిమిదో తరగతిలో ఉన్న కూతురు విభావరిని స్కూటరు మీద ఎక్కించుకుని ఆటకు వెళ్ళేవాడు. నేను వచ్చిన రోజు తండ్రీకూతుళ్ళిద్దరూ నా ముక్కల్ని మంచం మీద పరిచి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశారు. మళ్ళీ అన్నిటినీ సంచుల్లో పెట్టేశాడాయన.

"ఇప్పుడే చేద్దాం నాన్నా," అంది విభావరి.

"నీ పదో తరగతి పరీక్షలు అయిపోనీ విభా. ఇది తొందరపడి చేసే పని కాదు. అప్పుడు ఇద్దరం కూర్చుని తీరిగ్గా చేద్దాం."

అప్పటికే ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా పరీక్షల దాకా ఉంటాననే అనుకున్నాడు. ఉండలేదు. నేను బీరువా మీదికి చేరాను. వేసవులు వచ్చి పోయాయి, నా పెట్టె మీద దుమ్మును మాత్రం విభావరి ఎప్పుడూ నిలవనివ్వలేదు.

విభావరి తల్లి సుగుణ పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేసేది. భర్త పోయిన తరవాత కారు నేర్చుకుందామని గౌరినాయుడు డ్రైవింగ్ స్కూలులో చేరింది. గౌరినాయుడిది విజయనగరం దగ్గర పల్లెటూరు. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, జీవితమంతా ఇతరుల భయాలకు అలవాటు పడ్డ మనిషి. ఇంట్లో ఉన్నా, ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఆయన కుడికాలు నేలను నొక్కేది.

సుగుణకు లైసెన్సు వచ్చాక కూడా వాళ్ళిద్దరి మాటలు ఆగలేదు. సింహాచలంలో దండలు మార్చుకున్నారు. విభావరి అడ్డు చెప్పలేదు. అమ్మ ఒంటరిగా ఉండకూడదని ఆ పిల్లే అంది. కానీ ఆయన్ని ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు, ఆ పిల్లకు తోచలేదు. దాంతో అసలు పిలవడమే మానేసింది. ఎదురుగా ఆయన కూర్చుని ఉంటే, "అమ్మా, అన్నానికి రమ్మని చెప్పు," అనేది. ఆయన ఏమీ అనుకోకుండా లేచి వచ్చేవాడు.

చివరికి ఆ పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. విభావరి అనకాపల్లిలో పిన్ని ఇంటికి వెళ్ళింది. ఆ సమయంలో సుగుణ మాటల్లో నా కథ చెప్పింది. పరీక్షలయ్యాక చేద్దామని మనోహర్ అన్న మాట కూడా చెప్పింది. గౌరినాయుడి మనసులో ఆ మాట నాటుకుపోయింది. పాపం, ఆ పిల్లకు ఇక చేసిపెట్టేవాళ్ళెవరున్నారు అనుకున్నాడు. సుగుణ ఆఫీసుకు వెళ్ళగానే కుర్చీ వేసుకుని నన్ను కిందికి దించాడు.

ఆయన ప్రేమలో లోపం లేదు. పనిలో మాత్రం ఉంది. తేలిగ్గా ఊడిరావడానికి అచ్చుకు పూసే జిడ్డు మా ఒంటికీ అంటుకుంటుంది. సబ్బునీళ్ళతో దాన్ని కడగాలి. ఆయన కడగలేదు. వంగిన రెక్కను వేడినీళ్ళలో ముంచి సరిచేయలేదు. బజారు నుంచి సూపర్ గ్లూ తెచ్చి, నాలుక బయటపెట్టి, చిన్నపిల్లాడిలా ఒళ్ళు మరిచి అంటించుకుంటూ పోయాడు. ఎడమ తలను కుడి మెడకూ, కుడి తలను ఎడమ మెడకూ అంటించాడు. చెరో దిక్కూ కాపలా కాయవలసిన నా తలలు రెండూ ఎదురెదురుగా నిలబడి, ముక్కు మీద ముక్కు పెట్టి, ఆస్తి తగాదాలో అన్నదమ్ముల్లా ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకున్నాయి. గౌరినాయుడు దూరంగా నిలబడి నన్ను చూసుకుని మురిసిపోయాడు. నన్ను విభావరి బల్ల మీద పెట్టి, పైన తువ్వాలు కప్పాడు.

విభావరి వచ్చి తువ్వాలు తీసింది. ఒక తలను వేలితో కదిపి చూసింది, కదల్లేదు.

"ఇది ఎవరు చేశారు?"

గుమ్మంలో నిలబడ్డ గౌరినాయుడు నవ్వుతూ, "నానేనమ్మా. నువ్వొచ్చీసరికి సిద్ధంగా ఉండాలనీసి..." అన్నాడు.

"మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు?" అని విభావరి గొంతు పెంచింది. "ఇది నేను చెయ్యాల్సింది. నాన్న దీన్ని కొన్నది చూసుకోవడానికి కాదు, చేసుకోవడానికి. అదొక్కటే మిగిలింది నాకు. అది కూడా మీరే చేసేశారు."

గౌరినాయుడి కాలు నేలను గట్టిగా నొక్కింది. ఆ బండికి అక్కడ బ్రేకు లేదు. "తప్పయిపోనాదమ్మా," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట కూడా తన తరఫున చెప్పుకోలేదు.

తరవాత సుగుణ కూతురి పక్కన కూర్చుని, "ఆయన మంచికే చేశారు విభా," అంది.

"మంచికి చేస్తే అడగక్కర్లేదా అమ్మా?"

"అడగాలి. నువ్వన్నది నిజమే," అంది సుగుణ. కూతుర్ని దగ్గరికి తీసుకుంది. పొరపాటుకు సాకు వెతకని ఆ మాటతో విభావరి ఏడుపు తగ్గింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు గౌరినాయుడు బ్లేడు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అంటించింది తానే కాబట్టి విడదీయాల్సిందీ తానే అనుకున్నట్టున్నాడు. మెడ అతుకులో బ్లేడు పెట్టి తోశాడు. అది జారి అరచేతిలో దిగింది. నెత్తురు నా మెడ మీద పడింది. ఆయన ముందు నన్ను తుడిచాడు, ఆ తరవాతే చేతికి గుడ్డ చుట్టుకున్నాడు.

సాయంత్రం విభావరి కట్టు చూసింది. "ఆయన చేతికేమైంది?" అని తల్లిని అడిగింది. బండి డోరులో పడిందన్నారని సుగుణ చెప్పింది. విభావరి గదిలోకి వచ్చి నన్ను ఎత్తి చూసింది. మెడ అతుకులో బ్లేడు గీతలు, గీతల్లో తుడుపుకు అందని ఎర్రదనం. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ గీతల మీద వేలు రాసింది.

ఆదివారం ఆ పిల్ల నన్ను సంచిలో పెట్టుకుని జోసెఫ్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మనోహర్ స్నేహితుడు, ఆ ఆటలో అందరికన్నా పాతవాడు. నా తలలు చూసి పెద్దగా నవ్వబోయి, పిల్ల ముఖం చూసి ఆపుకున్నాడు.

"ఈ జిగురుకి చలి పడదమ్మా. ఒక రోజు ఫ్రీజర్‌లో పడెయ్. పెళుసెక్కిపోద్ది. అప్పుడు మెల్లిగా తిప్పు, అదే వచ్చేస్తది."

అలా నేను పచ్చిబఠాణీల పొట్లానికీ వంజరం చేప ముక్కల డబ్బాకీ మధ్య కాపురం పెట్టాను. ఐసు కోసం తలుపు తీసిన సుగుణ, రెండు తలలు గుడ్లురిమి చూస్తుంటే కెవ్వుమంది. గౌరినాయుడు పరుగున వచ్చాడు.

"అది నేనే పెట్టాను," అంది విభావరి గదిలోంచి.

గౌరినాయుడు వంగి లోపలికి చూశాడు. "పాపం, చలేస్తాదేమో. దుప్పటేటైనా కప్పమంటావేటి?" అన్నాడు. గదిలోంచి చిన్న చప్పుడు వినిపించింది. అది నవ్వేనని నేను చెప్పగలను.

టప్పున ఊడాయి నా తలలు. ఒక మెడ దగ్గర చిన్న పెచ్చు కూడా ఎగిరిపోయింది. విభావరి నన్ను మళ్ళీ ముక్కలు చేసి, పాత టూత్‌బ్రష్షుతో సబ్బునీళ్ళలో కడిగింది. రెక్కలను వేడినీళ్ళలో మెత్తబరిచి సరిచేసింది. మూతికి మాస్కు కట్టుకుని, తడి శాండ్ పేపరుతో అతుకులు రుద్దింది. చేతి డ్రిల్లుతో సన్నటి రంధ్రాలు చేసి అతుకు నిలవడానికి ఇత్తడి తీగ ముక్కలు దూర్చి, ఈసారి ఏ మెడ తలను ఆ మెడకే అంటించింది. అంతా ఒక్కతే చేసింది. రెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. రెక్క బరువు. జిగురు ఆరేదాకా రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. అదే సమయంలో అతుకులో పుట్టీ కూరాలి. ఆ పిల్లకున్నవి రెండే చేతులు.

పుస్తకం పెట్టి ఆనించి చూసింది. పడిపోయింది. డబ్బా పెట్టి చూసింది. పడిపోయింది. చివరికి హాల్లోకి వెళ్ళింది. గౌరినాయుడు పేపరు చదువుతున్నాడు. సుగుణ ఇంట్లో లేదు, ఆమెతో చెప్పించడానికి.

"కొంచెం వచ్చి పట్టుకుంటారా?"

ఆయన పేపరు మడత కూడా పెట్టకుండా వచ్చాడు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత ఎత్తులో పట్టుకోవాలో అడిగి, అలాగే పట్టుకున్నాడు. ఊపిరి కూడా పొదుపుగా తీశాడు. విభావరి పుట్టీ కూరుతూ ఉంది.

"మీ నాన్నగారు బాగా ఆడేవారా?" అన్నాడాయన మెల్లగా.

"ఎప్పుడూ ఓడిపోయేవారు. తను రంగులేసిన సైనికులు అందరికీ కనబడాలని ముందుకు నడిపేసేవారు. వెంటనే చచ్చిపోయేవాళ్ళు."

"మంచి మనిషి."

"మీకెలా తెలుసు?"

"మీ అమ్మ సెప్పింది. మొదటి కిలాసు నాడు బండి స్టార్టే సెయ్యనేదు. తాళం సేత్తో పట్టుకునీసి కిలాసంతా ఆయన గురించే సెప్పింది. ఆయన స్కూటరూ, ఆయన బొమ్మలూ, నువ్వూ. నాను ఆపనేదు."

విభావరి చేతిలో పుట్టీ ఆగింది. అమ్మ తన ముందు నాన్న మాట ఎత్తేది కాదు. ఎత్తితే కూతురు బాధపడుతుందని ఆమె, తల్లి బాధపడుతుందని ఈ పిల్ల, ఇద్దరూ ఇంట్లో ఆ పేరు దాటుకుంటూ నడిచారు. ఆ మాటలన్నీ ఒక కదలని కారులో, ఈ మనిషి చెవిలో పడ్డాయన్నమాట.

"ఇంకేం చెప్పింది?" అని అడిగింది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ముఖం వింతగా పెట్టాడు. ముక్కు కుడివైపుకు ముడుచుకుంది, ఎడమవైపుకు ముడుచుకుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమైంది?"

"ఏటీ నేదు. ముక్కు దురద. నాను కదల్ను, నువ్వు కానీ."

విభావరి కుంచె తిరగేసి, దాని కొసతో ఆయన ముక్కు మీద గోకింది. "ఇక్కడా?"

"కొంచెం పైన."

"ఇక్కడా?"

"ఆఁ... అమ్మయ్య!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. రెక్క కొద్దిగా కదిలింది. ఇప్పటికీ నా ఎడమ రెక్క వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. మళ్ళీ ఊడదీసి సరిచేయాలని వాళ్ళకు అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

రంగులన్నీ విభావరే వేసింది. నా మొదటి యుద్ధానికి గౌరినాయుడు కూడా వచ్చి గోడవార కుర్చీలో కూర్చున్నాడు. విభావరి నన్ను అందరికీ కనబడేలా కొండ దిగి నేరుగా శత్రువుల మధ్యకు నడిపించింది. పాచికలు పడ్డాయి, నేను చచ్చిపోయాను. "ఏటీ, ఇంత సేసి ఇంతలోనేనా!" అని గౌరినాయుడు లేచి నిలబడ్డాడు. జోసెఫ్ మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "అచ్చం వాళ్ళ నాన్న ఆటే," అన్నాడు.

ఇంట్లో ఏ అలమరలోనూ నా రెక్కలు పట్టలేదు. డ్రైవింగ్ స్కూలులో గాజు బీరువా ఖాళీగా ఉందని విభావరే అంది. అప్పటినుంచి వారమంతా అక్కడ ఉంటాను, ఆదివారం యుద్ధానికి వెళ్ళి చచ్చి వస్తాను. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ నన్ను చూసి, ఎవరు చేశారని అడుగుతారు. గౌరినాయుడిని అడిగితే, "మా అమ్మాయి ఒక్కర్తే సేసిందండీ, మనకేటి తెల్దు," అంటాడు. విభావరిని అడిగితే, "ఆయనే చేశారండీ, నేను రంగులు వేశాను," అంటుంది. రెండూ అబద్ధాలే. నేను వింటూ ఊరుకుంటాను.

ఒకరోజు ఇద్దరూ అక్కడే ఉండగా, కొత్తగా చేరిన ఒక లెక్చరరుగారు అడిగింది. రెండు జవాబులూ ఒకేసారి వచ్చి ఢీకొన్నాయి. ఆవిడ తెల్లబోయి వీళ్ళిద్దరినీ చూసింది.

విభావరి నవ్వేసింది. "అసలు సంగతి చెబుతాను వినండి. మా నాన్న కొన్నారు. ఈయన తప్పుగా అంటించారు. నేను ఊడగొట్టాను. మళ్ళీ ఇద్దరం కలిసి అంటించాం."

"బాగుందమ్మా. ఇంతకీ ఇది ఎవరిదంటావు?"

"మాది," అంది విభావరి, పక్కన నిలబడ్డ ఆయన్ని గడ్డంతో చూపిస్తూ.

లెక్చరరుగారు కారు దగ్గరికి నడిచింది. గౌరినాయుడు మాత్రం చాలాసేపు బయటికి రాలేదు. చేతిలో తాళాలు పట్టుకునే, తాళాల కోసం బల్లంతా వెతుకుతూ ఉండిపోయాడు.