జీతం లేని డైరెక్టరు

"కప్పు పెట్టింది మీరే," అన్నాను.

"కాగితాలు పరిచింది నువ్వు," అన్నారు మా ఆయన.

వార్షిక నివేదిక మొదటి పేజీ మీద గుండ్రంగా టీ మరక. వంటగదిలోంచి అత్తయ్య తీర్పు చెప్పేశారు: "అది అన్నం తినే బల్లమ్మా, ఆఫీసు కాదు." ఆఫీసు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. మరో ప్రతి తీశాను.

మామగారి పేరు మీద మా ఆయన చెవిటి పిల్లల బడి నడుపుతున్నారు. ధర్మసంస్థే అయినా కంపెనీగా రిజిస్టరైంది. అందుకే ఏటా రెండింతల చాకిరీ: కంపెనీ కాబట్టి ఆస్తి అప్పుల పట్టీ, ధర్మసంస్థ కాబట్టి ఏ విరాళం దేనికిచ్చారో దానికే ఖర్చయిందన్న వివరం. గడువు దాటితే జరిమానా. మొదట్లో డైరెక్టర్లలో ఒకరు తక్కువైతే, "ఇంట్లో నువ్వున్నావుగా, సంతకమేగా," అన్నారాయన. గ్రూపు ఫొటోలో ఖాళీ పూడ్చడానికి దారిన పోయేవాళ్లను పిలిచినట్టు. సంతకం వెనకే పనంతా వచ్చి పడింది. బీకాం చదివాను కదా.

ఈ ఏడు విరాళాలు పెరిగాయి. "జీతమిచ్చి అకౌంటెంటును పెట్టుకోండి సార్. ఇప్పటిదాకా ఎవరు చూస్తున్నారు?" అని ఆడిటరు ఫోన్లో అడిగాడు.

"ఇంట్లోనే అయిపోతుందండీ," అన్నారాయన. అన్నం ఉడికినట్టు, బట్టలు ఆరినట్టు, లెక్కలు కూడా వాటంతటవే అయిపోతాయి కాబోలు.

ఆ ఉద్యోగం నాకిమ్మని అడిగాను. కట్టుకున్నవాణ్ణి ఉద్యోగం అడుగుతుంటే నా గొంతు నాకే బిచ్చగత్తె గొంతులా వినిపించింది. ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు: "నువ్వు డైరెక్టరువి కదోయ్. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదు. రూలు." రూలు నాకు తెలియదా! నివేదికలో ఏటా ఆ వాక్యం టైపు చేసేది నేనే. నన్ను డైరెక్టరు పదవి నుంచి తప్పించి ఆ ఉద్యోగమివ్వవచ్చన్న సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా పెదవి దాటలేదో. ఉద్యోగం ఆడపడుచు కొడుక్కి వెళ్లింది. "సంసారం ఉన్నవాడు," అన్నారు అత్తయ్య. "కాస్త దగ్గరుండి నేర్పమ్మా."

బయట రెండు చోట్ల అడిగి చూశాను. "అనుభవం ఉందా?" అన్నారు. ఉంది, చూపించడానికేమీ లేదు. స్వచ్ఛంద సేవకు లెక్కల్లో విలువ కట్టలేదని మా నివేదికలోనే రాసి ఉంది. నిబంధన ప్రకారం అందులో తప్పు లేదు. తప్పు లేని ఆ వాక్యం చదువుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అందరికీ వడ్డించి, చెప్పాను. "డైరెక్టరు పదవికి రాజీనామా పంపేశాను."

"వచ్చే వారం లెక్కలు దాఖలు చెయ్యాలి!" అన్నారాయన. ఎందుకు మానేశావని అడగలేదు. కాసేపటికి ఏదో అర్థమైనట్టు నవ్వారు. "ఓహో, జీతం కోసమా ఈ ఎత్తు? సరే, దరఖాస్తు పెట్టుకో, చూద్దాం."

"నా మనవడికి పోటీనా ఏంటే?" అంటూ అత్తయ్యా నవ్వారు.

ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారో, అసలు పెట్టుకుంటారో లేదో నాకు తెలియదు.

"దరఖాస్తు పెడతాను," అన్నాను. "మీ దగ్గర కాదు."