పైవరుసలో తేజు

కడపలో రామకోటయ్యది పప్పుల టోకు అంగడి. కొత్త దళారి ఎవరొచ్చినా ఆయన ముందు అడిగేది ధర కాదు. తూకం ఎవరిది, తగవొస్తే తీర్చేదెవరు అని. ఆ రెండూ తేలితే ధర దానంతటదే దారికొస్తుందని ఆయన నమ్మకం. షబ్బీర్ నడిపే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చొని, కంప్యూటర్ ఆటల పోటీ ఏ సైట్లో పెట్టాలో తేల్చుకున్న రోజు కూడా ఆయన అవే అడిగాడు.

పోటీ ఆయన కొడుకు తేజేశ్వర్ పేరు మీద. నిరుడు రాయచోటి రోడ్డులో లారీ గుద్ది పోయాడు. ఊళ్లో పిల్లవాడు ఎవరు పోయినా, ఏడాది తిరిగేసరికి వాడి పేరుతో క్రికెట్ పోటీ పెట్టి, ఫ్లెక్సీ కట్టి కప్పు ఇస్తారు. తేజుకు బ్యాటు పట్టుకోవడం రాదు. వాడు ఆడింది కౌంటర్ స్ట్రైక్. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, తుపాకులు. "గుండ్లు లేని తుపాకులకు నా దుడ్లు తగలేస్తాండావు" అని వాణ్ని తిట్టిన తండ్రే ఇప్పుడు ఆ ఆటకు కప్పు కొని తెచ్చాడు.

తేజుతో ఆడిన జట్లు కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరుల్లో ఉన్నాయి. అందర్నీ రప్పించి ఆడించడానికి షబ్బీర్ దగ్గర అన్ని కంప్యూటర్లు లేవు. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చొని ఆడాలంటే ఆన్‌లైన్లో ఒక చోటు కుదుర్చుకోవాలి.

"రెండుండాయి మామా," అన్నాడు షబ్బీర్. తేజుతో కలిసి చదివినవాడు, ఆ ఇంట్లో తిని తిరిగినవాడు కాబట్టి మామ అనే పిలుస్తాడు. "సింగపూరోళ్లది ఒకటి. శానా గట్టిది. దొంగాట ఆడేటోళ్లను అదే పట్టుకుంటాది. ఎవరితో ఎవరాడల్లో అదే జతలు కడతాది. ఇంకొకటి హైదరాబాదులో ఇద్దరు పిల్లోళ్లు పెట్టింది. అది మధ్యమధ్యలో నిలబడిపోతాది."

"తగవొస్తే?"

"సింగపూరోళ్లకు ఇంగ్లీషులో రాయల్ల. జవాబొచ్చేసరికి అందరూ ఇండ్లకు పోయింటారు. హైదరాబాదోళ్లనైతే ఫోన్ చేసి తిట్టొచ్చు."

"కరెంటు పోతే?"

"సింగపూర్లో కరెంటు పోదంట. అందుకే ఆట మధ్యలో పోయినోడు ఓడినట్టేనని పెట్టుకున్నారు. హైదరాబాదోళ్లు మళ్లీ ఆడనిస్తారు."

"కరెంటు పోయిన బాధ తెలిసినోడితోనే మన బేరమప్పా."

షబ్బీర్ నవ్వలేదు. మామ బేరం అక్కడ లేదని అతనికి తెలుసు. హైదరాబాదు సైట్లో పాయింట్ల వరుసలో ఆటగాళ్ల పట్టిక ఒకటుంది. తేజు పోయేనాటికి వాడి పేరే అందులో మొదటిది. ఆ తర్వాత ఆ సైట్లో ఆడేవాళ్లు తగ్గిపోయి పట్టిక కదలడం మానేసింది. వాడి తల్లి రాజ్యలక్ష్మమ్మ రోజూ గుడి నుంచి వస్తూ సెంటర్లో ఆగుతుంది. షబ్బీర్ పట్టిక తెరుస్తాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. పైవరుస మీద వేలు పెట్టి కాసేపు చూసి, పడిన మరకను కొంగుతో తుడిచి వెళ్లిపోతుంది.

"ఆ పిల్లోళ్లు నిన్న ఫోన్ చేసినారు మామా. ఆడేటోళ్లు లేరు, సైటు మూసేస్తామంటాండారు. మన పోటీ వస్తే నడుపుతారంట."

"అయితే ఇంకేమాలోచన? ఆడనే పెట్టు."

"పెడితే పాయింట్లు మారతాయి. గెలిచినోళ్లు పైకి పోతారు. తేజు ఆడడు కదా మామా."

రామకోటయ్య లెక్క వేసుకున్నాడు. వేరేచోట పోటీ పెడితే ఈ సైటు మూతపడుతుంది, పేరు మొత్తంగా పోతుంది. ఇక్కడే పెడితే పేరు ఉంటుంది, పైచోటు పోతుంది. తడిసిన కందుల బస్తాను ఆయన ఏనాడూ పారబోయలేదు. ఆరబోసి, దక్కినకాడికి దక్కించుకున్నాడు.

"పేరైతే ఉంటాది కదా?"

"ఉంటాది. కిందికి పోతాది."

"కిందైనా ఉండనీ. అంగడే మూసేస్తే బోర్డు యాడ తగిలిస్తాం? మీ అత్తకు మాత్రం చెప్పొద్దు."

పోటీ ఆదివారం పెట్టారు. సెంటర్ ముందు ఫ్లెక్సీలో తేజు నవ్వుతున్నాడు. లోపల కడప పిల్లలు కుర్చీ మీద ఇద్దరేసి కూర్చున్నారు. కర్నూలు జట్టు చాట్‌లో ఏదో రాస్తే ఒకడు గట్టిగా చదివాడు: "ఓడిపోయినంక ఏడ్సేదానికి శక్తి ఉండల్ల, ఉగ్గాని బజ్జీ పార్సిల్ పంపల్లనా అంటాండారు."

"ముందు వాళ్లను నంద్యాలోళ్ల మీద గెల్చమను. బజ్జీల సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు షబ్బీర్.

రామకోటయ్యకు ఆ గోల నచ్చింది. మంచి రోజున అంగడి ముందుండే గోల లాంటిదే. తన లెక్క తప్పలేదనుకున్నాడు.

రాజ్యలక్ష్మమ్మ రోజూ వచ్చే వేళకే వచ్చింది, పిల్లలకని పులిహోర గిన్నె పట్టుకొని. అందరికీ పెట్టి, చేయి కడుక్కొని, "షబ్బీరూ, వాణ్ని చూపీప్పా," అంది.

షబ్బీర్ రామకోటయ్య ముఖం చూశాడు. ఆయన ఫ్లెక్సీ తాళ్లు సరిచేయడానికన్నట్టు లేచి వాకిట్లోకి పోయాడు. చేసేదిలేక షబ్బీర్ పట్టిక తెరిచాడు. ఆమె వేలు పైవరుస మీద ఆగింది.

"ఈ అక్షరాలు వేరే మాదిరి ఉండాయే."

"అది నంద్యాల పిల్లోడి పేరత్తా. తేజు... ఇదో, ఇక్కడుండాడు." అతను తెరను కిందికి జరిపాడు.

"ఏం తప్పు చేసినాడని దించినారు?"

"తప్పేం లేదత్తా. వీళ్లందరూ ఆడినారు. వాడు ఆడలేదు."

మరో ఆట ముగిసి పట్టిక మళ్లీ మారింది. ఆమె చూస్తుండగానే, షబ్బీర్ చూపించిన వరుసలో ఇంకెవరిదో పేరు వచ్చి కూర్చుంది. ఆమె వేలు తెర మీద అటూ ఇటూ వెతికి ఆగిపోయింది. అన్నీ ఒకే మాదిరి అక్షరాలు.

వాకిట్లో తాడు పట్టుకొని నిలబడ్డ భర్త దగ్గరికి వచ్చింది. "మీకు ముందే తెలుసునా?"

"పెట్టకపోతే అసలుకే తీసేస్తారన్నారు. పేరన్నా దక్కుతుందని..."

"నాకు పేరు చదివేదానికి వచ్చునా?" అంది నెమ్మదిగా. "పైన ఉండేది నా కొడుకని, అదొక్కటే తెలుసు నాకు."

ఖాళీ గిన్నె తీసుకొని ఇంటికి పోయింది. నంద్యాల జట్టు గెలిచింది. రామకోటయ్య కప్పును బస్సు పార్సిల్లో పంపించాడు, ఆ పిల్లలకు అభినందనలు కూడా ఫోన్లో చెప్పాడు.

ఆ తర్వాత రాజ్యలక్ష్మమ్మ సెంటర్ మెట్లెక్కలేదు. వాడి పేరు రెండో పేజీలో ఉందని, అక్షరాలు కాగితం మీద పెద్దవిగా రాయించి ఇస్తానని ఆయన చెప్పి చూశాడు.

"ఒద్దు. రోజూ పోయి, ఈరోజు ఎంత కిందికి పోయినాడో చూసొచ్చేదా?" అంది ఆమె.

ఇప్పుడు రామకోటయ్యే వెళుతున్నాడు. పోటీ పుణ్యమా అని సైటుకు జనం పెరిగారు, రోజూ ఎవరో ఒకరు ఆడుతూనే ఉన్నారు. జనం తగ్గాలని జన్మలో కోరుకోని వ్యాపారి ఆ కుర్చీలో కూర్చొని, ఈరోజు ఎవరూ ఆడకుండా ఉంటే బాగుండుననుకుంటాడు. ఎవరూ ఆడకపోతే మూసేస్తారని కూడా ఆయనకు తెలుసు. తాను పేరు దక్కించుకున్నది ఎవరికోసమో, ఆమే చూడనంటోంది. ఈ బేరంలో మిగిలిందేమిటో ఎంత కూడినా తేలడం లేదు.

ఒకరోజు షబ్బీర్ చేతిలో ఫోన్‌తో ఆయన వైపు తిరిగాడు. "హైదరాబాదోళ్లు మామా. వచ్చే ఏడు కూడా తేజు పేరుతో పెడతారా అని అడుగుతాండారు. ఈసారి అనంతపురం, తిరుపతి జట్లు కూడా వస్తాయంట. ఏం చెప్పల్ల?"

రామకోటయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పెడతామని చెప్పు," అన్నాడు. "చెప్పి, వాడు ఇప్పుడు యాడుండాడో ఒకసారి చూపీ."

షబ్బీర్ ఫోన్ పెట్టేసి, పట్టికను కిందికి జరపసాగాడు.