ఆరు గంటల మెసేజ్, తిప్పిన కంచం

జోవిలిన్ సంచిలో రెండు నైటీలు, చెప్పులు, జపమాల, మూతగ్లాసు సర్దాను. కంచం కూడా పెట్టబోతే, "ఆసుపత్రిలో కంచాలుంటాయమ్మా. అయినా నెల్లాళ్లు నాకు గంజినీళ్లేగా" అంది నా కూతురు. తీసేశాను. ఆమె అటు తిరిగాక మళ్లీ పెట్టాను.

పొట్ట చిన్నది చేసే ఆపరేషన్. నూట ఇరవై నాలుగు కిలోల మనిషి ముందు తనంతట తాను ఆరు కిలోలు తగ్గితేనే చేస్తానన్నాడు, ఆరేడు వారాల కిందట, ఇలోయిలో నగరం డాక్టరు. రోజూ నడవమని గుర్తుచేయడానికి ఆసుపత్రి కంప్యూటరు ఫోనుకి మెసేజ్ పంపుతుంది. జోవిలిన్ ఫోను అప్పటికే మా పూటకూళ్ల కొట్లో పులుసు గిన్నెలో పడి పాడైంది. అందుకని నా నంబరిచ్చింది. ఎన్నింటికి పంపమంటావని నర్సు అడిగితే ఆరింటికంది. ఆరింటికి మేం అన్నం తింటాం.

మొదటి రోజు ఫోను మోగింది. నేను బడికి వెళ్లలేదు, చేపలు చుట్టి తెచ్చిన కాగితాల మీద చదవడం నేర్చుకున్నాను. పైకి చదివాను: "జోవిలిన్ గారూ, లేవండి, ఇరవై నిమిషాలు నడుద్దాం!" ఆమె సగం అన్నం వదిలి లేచింది.

మాలో ఎవరైనా తింటూ మధ్యలో లేచి వెళితే, మిగిలినవాళ్లు తమ కంచాలు ఒక చుట్టు తిప్పాలి. తిప్పకపోతే వెళ్లినవాళ్లకు దారిలో కీడు. నేను తిప్పాను. మా తమ్ముడు టెబాన్‌నీ తిప్పమన్నాను.

"వీధి చివరిదాకా వెళ్లొచ్చేదానికి కూడానా అక్కా? పులుసు ఒలికిపోతోంది."

"తిప్పరా."

"ఆ కంప్యూటరుని కూడా తిప్పమని రాయి, మనమే ఎందుకు?"

మూడు రోజులూ జోవిలిన్ తిరిగొచ్చాక నడిచానని జవాబు పంపింది. నాలుగో రోజు నేను నిజంగానే రాశాను. "అయ్యా, దండం. మేం భోంచేస్తున్నాం. కాసేపాగి పంపగలరు." వెంటనే జవాబొచ్చింది: "భేష్! ఈరోజు నడక నమోదైంది." ఏం రాసినా నడిచినట్టే రాసుకుంటుందనీ, ఇక ఆ రోజుకి మోగదనీ రెండు రోజుల్లో అర్థమైంది. అర్థమయ్యాక కూడా నేను మానలేదు. మోత తీసేసి, ఫోను ఒళ్లో పెట్టుకుని, "దండం అయ్యా" అని పంపేదాన్ని.

"ఇవాళ మెసేజ్ రాలేదేంటమ్మా?"

"వాళ్లకి సెలవేమో."

సెలవులు పదహారు రోజులు సాగాయి. జోవిలిన్ మారు వడ్డించుకుంది.

ఇరవయ్యో రోజు ఆసుపత్రికి వెళ్లాం. "పంతొమ్మిది రోజుల్లో పంతొమ్మిది నడకలు! నీ పేరు చెప్పి అందర్నీ తిడుతున్నా" అంది నర్సు, కాటా ఎక్కించింది. నూట ఇరవై ఐదు. నర్సు కాటాను ఒకసారి తట్టి చూసింది. "ఇంకో మూడు వారాలు. అప్పటికీ తగ్గకపోతే నీ చోటు వేరేవాళ్లకి."

తిరిగొచ్చేటప్పుడు జీప్నీ బస్సులో జోవిలిన్ నా ఫోను తీసుకుని అన్నీ చదివింది.

"మెట్లెక్కితే ఊపిరాడక చస్తున్నా. నువ్వేమో కంప్యూటరుకి దండాలు పెడుతున్నావా?"

"కంచం ముందు నుంచి లేచి వెళుతుంటే చూడలేనే. మీ నాన్న అలాగే వెళ్లాడు."

ఆమె ఫోను నా ఒళ్లో పెట్టింది. "అయితే అన్నం ఐదింటికి పెట్టు."

అరవై తొమ్మిదేళ్లొచ్చాయి, నాకది తట్టలేదు.

ఆనాటి నుంచి ఐదింటికి తిన్నాం, మారు వడ్డన మానేసింది, ఆరింటికి ఆమె నడిచింది, వెనక నేను నడిచాను. ఇల్లు చేరాకే "దండం అయ్యా" పంపాను. మూడు వారాల్లో ఏడున్నర కిలోలు తగ్గింది.

సంచి సర్దిన ఉదయం జీప్నీ ముందే వచ్చేసింది. జోవిలిన్ గంజి సగంలో వదిలి లేచింది. ఆసుపత్రిలో తోడుండాల్సినదాన్ని, నేనూ లేచాను. నేను చెప్పకముందే టెబాన్ తన కంచం తిప్పాడు. తర్వాత మా ఇద్దరివీ కూడా తిప్పాడు.

ఆరో రోజు జోవిలిన్ ఇంటికి తిరిగొచ్చింది. కూరలో ఉప్పెక్కువైందన్నాడని నేను కోపంగా ఉండగా, పడవ సరంగు కేకేస్తే సగం అన్నం వదిలి లేచి వెళ్లిన వాళ్ల నాన్న ప్లాసిడో మాత్రం ఇంక రాలేదు. ఆయన వెళ్లింది 1988 మార్చి 9, బుధవారం. నేను కంచం తిప్పలేదు.