గౌరవ వార్డెన్

"ఎట్లాగూ మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ," అన్నాడు అంకమ్మరావు, రిజిస్ట్రారు బుల్లయ్య గారికి కాఫీ గ్లాసు అందిస్తూ.

సామ్రాజ్యం అప్పుడు వెనక వరండాలో ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పెసరట్లకు పప్పు రుబ్బడం అయింది. అత్తగారి కాళ్లకు కాపడం పెట్టడం అయింది. అంకమ్మరావు దగ్గర రీసెర్చి చేసే పిల్లలకు కూడా కలిపి వంట అయింది. ఆ గ్లాసులో కాఫీ కూడా ఆమె కలిపిందే. వేళ్ల చివర్లు భగభగ మండుతుంటే, ఖాళీగా అన్న మాట ఎవరి గురించా అని ఒక్క క్షణం ఆలోచించింది. తన గురించేనని తెలిశాక నవ్వొచ్చింది కూడా.

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు పక్కన, మిరప చేల మధ్య కొత్తగా లేచిన యూనివర్సిటీ అది. ఎనభయ్యో దశకం మొదటి ఏళ్లు. ఆడపిల్లలకు హాస్టలైతే కట్టారు గానీ వార్డెన్ పోస్టు మంజూరు కాలేదు. బోటనీ ప్రొఫెసరు అంకమ్మరావు క్వార్టర్సు సరిగ్గా హాస్టలుకు ఎదురుగా ఉంది. అందుకని బుల్లయ్య గారు వచ్చారు.

"గౌరవ వార్డెన్ అంటారమ్మా. జీతమంటూ ఏమీ ఉండదు. మీ ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటే చాలు," అన్నారాయన.

ఆమెను అడిగినట్టే ఉంది గానీ, తలూపింది మాత్రం అంకమ్మరావు.

ఆ విధంగా సామ్రాజ్యం రోజూ మధ్యాహ్నం అంట్లు కడుక్కుని, చీర మార్చుకుని, రోడ్డు దాటి హాస్టలుకు వెళ్లడం మొదలుపెట్టింది. మొదటి రోజే ఆమె కంటబడింది, స్నానాల గదుల తలుపులకు గడియల్లేవని. ఒకళ్లు లోపల స్నానం చేస్తుంటే ఇంకొకళ్లు బయట తలుపు లాగి పట్టుకుని నిలబడుతున్నారు. ఇంజినీరు ఆఫీసుకు వెళ్లి అడిగితే, వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు. ఆమె మళ్లీ వెళ్లింది. మళ్లీ మళ్లీ వెళ్లింది. చివరికి ఈవిడ రాకుండా ఉంటే చాలనుకుని గడియలు బిగించారు. తర్వాత లైబ్రరీ నుంచి వచ్చే దారిలో దీపాలు పడ్డాయి. తన నోటి నుంచి వచ్చిన మాటకు ఒక దీపం వెలగడం ఆమెకు మహా వింతగా ఉండేది. చీకటి పడగానే ఇంటి కిటికీలోంచి ఆ దీపాల్ని చూస్తూ నిలబడిపోయేది. పెళ్లి కుదిరిందని బి.ఏ. రెండో ఏట మానిపించిన దగ్గర్నుంచి ఆమె ఫలానావారి కోడలు, ప్రొఫెసరు గారి భార్య, అంతే. ఇప్పుడు హాస్టలు పిల్లలు 'సామ్రాజ్యం మేడం' అని పిలుస్తుంటే, తన పేరు ఇంత పెద్దదా అనిపించేది.

"ఏం, ఎట్లా ఉంది నీ సామ్రాజ్యం?" అనేవాడు అంకమ్మరావు అన్నం దగ్గర కూర్చుని. "వార్డెన్ గారికి పప్పులో ఉప్పు వెయ్యడం గుర్తున్నట్టు లేదే!"

"పరాయి పిల్లలకు కాపలా కాస్తే ఏమొస్తుందే అమ్మాయ్? కట్టుకున్నవాడి కడుపు చూసుకో ముందు," అనేది అత్తగారు వెంకటరావమ్మ.

సామ్రాజ్యం ఉప్పు డబ్బా తెచ్చి పెట్టేది. ఆ మాటలు పాతవే. బాధ కూడా పాతదే. కానీ మధ్యాహ్నం రోడ్డు దాటాలన్న ఆత్రం మాత్రం రోజూ కొత్తగానే ఉండేది.

చేలల్లో కాయ కోతలు సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం రెబ్కా వచ్చింది. పిడుగురాళ్ల పిల్ల. అమ్మానాన్నలు సున్నపు బట్టీల్లో పనిచేస్తారు. బోటనీలో ఎమ్మెస్సీ ఆఖరి ఏడు చదువుతోంది, పత్తి ఆకు తెగులు మీద అంకమ్మరావు దగ్గరే ప్రాజెక్టు చేస్తోంది. సన్నగా, గట్టిగా గాలేస్తే ఊగిపోయేట్టు ఉంటుంది. ఆఫీసు గది గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు.

"రామ్మా, కూర్చో. ప్రొఫెసరు గారు ఏమైనా చెప్పి పంపారా?"

"లేదండీ. నేను ప్రొఫెసరు గారి భార్యగారి దగ్గరికి రాలేదండీ. వార్డెన్ గారితో మాట్లాడాలి."

"ఇద్దరం ఒకటేగా!" అని నవ్వింది సామ్రాజ్యం.

రెబ్కా నవ్వలేదు. ఆ నవ్వకపోవడంలోనే ఏదో ఉందని సామ్రాజ్యానికి తెలిసిపోయింది. లేచి తలుపు దగ్గరగా వేసి, కుర్చీ తనే జరిపింది.

"ఆదివారాలు ల్యాబ్‌కి రమ్మంటారండీ. మైక్రోస్కోపులో చూడమంటారు. నేను చూస్తుంటే వెనక నిలబడతారు. మీద చెయ్యేసి తియ్యరండీ. నేను తలెత్తితే, నీకు స్లైడు చూడ్డం కూడా చేతకాదు, తప్పంతా నీదే అంటారు." ఆ పిల్ల గోడవంక చూస్తూ చెప్పుకుపోయింది. "మొన్న ఆదివారం తలుపు గడియ వేశారు. నేను బల్ల మీద గాజు జాడీ కింద పడేశాను. చప్పుడుకి అటెండరు పరిగెత్తుకొచ్చాడు. అట్లా బయటపడ్డానండీ."

నమ్మడానికి సామ్రాజ్యానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆమెను భయపెట్టింది అదే. ఈ పిల్ల అబద్ధం చెబుతోందేమోనని మనసు ఎక్కడైనా కాస్త ఆనుకునే చోటు వెతుక్కుంది గానీ, దొరకలేదు. తప్పంతా నీదే. ఆ మాట ఆయనదే, ఆ విరుపు ఆయనదే. అన్నం మెత్తబడినా, పాలు విరిగినా, బిడ్డకు జ్వరం వచ్చినా, పొలం కౌలు ఆలస్యమైనా ఆ గొంతే. ఇన్నేళ్లూ ఆ మాట విని, నిజమే కాబోలు అనుకుంటూ తను తల దించుకుంది. ఈ పిల్ల అదే మాట విని జాడీ పగలగొట్టింది. పగలగొట్టి ఊరుకోలేదు, నడుచుకుంటూ వచ్చింది. ఎవరి దగ్గరికి? తన మెడలో పుస్తెలు కట్టింది ఎవరో తెలుసు. తను వండిన అన్నం తినేది ఎవరో తెలుసు. తెలిసీ వచ్చింది. సామ్రాజ్యం కళ్లార్పకుండా ఆ పిల్లనే చూసింది. ఇంత పిడికెడు మనిషిలో అంత ధైర్యం ఎక్కడ పడుతోందో ఆమెకు అంతుబట్టలేదు.

"నీకు భయం వెయ్యలేదా అమ్మా, నా దగ్గరికి రావడానికి?"

"వేసిందండీ. ఇప్పటికీ వేస్తోంది. ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారు. ఇంకెవరికి చెప్పాలో తెలియలా."

"నేను ఆయన భార్యనని అనిపించలేదా?"

"మొదట్లో మీరు మా అందర్నీ కూర్చోబెట్టి, ఏం కష్టమొచ్చినా నా దగ్గరికి రండి అన్నారు గదండీ." రెబ్కా మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "ఫలానా కష్టమైతే రావొద్దని అనలేదు."

ఆ సాయంత్రం అంకమ్మరావు ఫ్యాను కింద పేపరు చదువుకుంటున్నాడు. సామ్రాజ్యం ఎదురుగా నిలబడింది.

"రెబ్కా నా దగ్గరికొచ్చింది."

"మార్కులు రావని ముందే ఏడుపు మొదలెట్టిందా? బట్టీల్లో సున్నం మోసుకునేవాళ్ల పిల్లకి జాలిపడి ప్రాజెక్టు ఇస్తే ఇట్లాగే ఉంటుంది."

"ఆదివారం ల్యాబ్ తలుపు గడియ ఎందుకు వేశారు?"

పేపరు కిందికి దిగింది. ఆయన ఆమెను ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"నువ్వు నా భార్యవా, దాని వార్డెన్‌వా?"

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "మగాణ్ని నిలదీస్తావటే? ఇంటి పరువు వీధిలో పెడితే రేపు నీ కూతురికి సంబంధం ఎక్కణ్నించి తెస్తావు?"

"ఆ వార్డెన్ కుర్చీ ఇప్పించింది నేను," అన్నాడు అంకమ్మరావు. "రేపు వెళ్లి, నాకు చేతకాదని చెప్పి వచ్చెయ్యి."

సామ్రాజ్యం అందరికీ అన్నాలు పెట్టింది, తనూ తింది. గుంటూరులో మేనమామ ఇంట ఉండి ఇంటరు చదువుతున్న కూతురు గుర్తొచ్చింది. రేపు అది కూడా ఏదో ఒక యూనివర్సిటీకి వెళుతుంది. దానికీ ఎవడో తప్పంతా నీదే అంటాడు. అప్పుడది ఎవరి గుమ్మంలో నిలబడుతుంది? ఆ గుమ్మంలో కూర్చున్న మనిషి తన మొగుడి వంక చూస్తుందా, నా బిడ్డ వంక చూస్తుందా? వార్డెన్ పని అన్నం, గడియలు, దీపాలు అని ఇన్నాళ్లూ అనుకుంది. అవన్నీ ఆ ఒక్క గుమ్మం దాకా పిల్లలు రాగలగడానికేనని ఇప్పుడు తెలుస్తోంది. జీతం లేని ఆ పని ఇంత పెద్దదా అనుకుంది.

తెల్లవారి ఆమె పప్పు రుబ్బలేదు. స్నానం చేసి రోడ్డు దాటింది.

"రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళదాం రామ్మా. నువ్వు చెప్పగలిగినంత చెప్పు. మిగతాది నేను చెబుతా," అంది రెబ్కాతో.

ఇద్దరూ మెట్లు దిగుతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. చిలకలూరిపేట నుంచి వచ్చిన సుబ్బరావమ్మ, నోరు పెద్దదని హాస్టలంతా అనుకునే పిల్ల, జడ అల్లుకుంటూనే దిగొస్తోంది.

"మేమూ వస్తాం మేడం. ఇది దీనొక్కదాని సంగతే కాదు," అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే ఆ పిల్ల ఆ మాట మెల్లగా అంది.

ఆమె వెనక ఇంకొకతె. ఆ వెనక ఇంకొందరు. తడి జుట్టుతో, చేతిలో పుస్తకాలతో, లంగాఓణీల్లో, చీరల్లో గదుల్లోంచి వస్తూనే ఉన్నారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ అరవడం లేదు. చేల మీద నుంచి మిరప ఘాటు మోసుకొచ్చే గాలికి దగ్గుతూ, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటూ, ఆ దారి నిండా నడుస్తున్నారు. సామ్రాజ్యం వెనక్కి తిరిగి చూసి ఆగిపోయింది. గుడిలో దీపారాధన వేళ కూడా ఆమె ఎన్నడూ అట్లా చేతులు జోడించాలనుకోలేదు.

బుల్లయ్య గారు తన ఆఫీసు కిటికీలోంచి పిల్లల్ని చూసి, కంగారుగా లేచి నిలబడ్డారు. సామ్రాజ్యాన్నీ రెబ్కానీ కూర్చోమన్నారు. రెబ్కా చెప్పింది. నిన్నటికంటే స్పష్టంగా చెప్పింది. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"అమ్మా, ఇది మీ ఇంటి విషయం. ఇంట్లో కూర్చుని సర్దుకోవాల్సింది."

"మా ఇంటి విషయమైతే ఇంట్లోనే తేల్చుకునేదాన్నండీ. ఇది హాస్టలు విషయం."

"మీది గౌరవ పదవేనమ్మా. మీ మాటకి ఆఫీసులో..."

"అయితే ఈ పిల్లలకు బాధ్యులెవరో చెప్పండి. వాళ్ల దగ్గరికే తీసుకెళతాను." ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఎవరూ లేకపోతే నేనే గదండీ. ఆ బాధ్యత మీరే ఇచ్చారు. ఇది కూడా అందులోదే."

బుల్లయ్య గారు ఆమెవంక చూశారు, కిటికీవంక చూశారు. చివరికి వైస్‌ఛాన్సలరు గారికి ఫోను చేశారు.

రెబ్కాను అదే శాఖలోని ఒక లెక్చరరమ్మ దగ్గరికి మార్చారు. ల్యాబ్‌లోకి రావొద్దని అంకమ్మరావుతో చెప్పారు. విచారణ ఏడాది పైగా నడిచి, ఆయన్ని వేరే ఊళ్లోని పీజీ సెంటరుకు బదిలీ చేయడంతో ముగిసింది. అది శిక్ష కాదని పిల్లలు అన్నారు, సామ్రాజ్యమూ అంది. రెబ్కా మాత్రం ఫస్టు క్లాసులో పాసై, తన ఊళ్లో తను చదివిన బడిలోనే టీచరుగా చేరింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు సామ్రాజ్యం ఇంటికి వెళ్లలేదు. హాస్టల్లో ఖాళీగా ఉన్న వార్డెన్ గది ఊడ్చి, చాప పరుచుకుంది. పొద్దు వాలుతుండగా అంకమ్మరావు హాస్టలు గేటు దగ్గరికొచ్చాడు. వాచ్‌మన్ పీరు కబురు చెబితే ఆమె బయటికి వెళ్లింది. పిల్లలు వరండాలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇంటికి పద," అన్నాడాయన, గొంతు బాగా తగ్గించి. "ఏదైనా ఉంటే తలుపులేసుకుని మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడండి."

"నలుగురూ చూస్తున్నారు, సామ్రాజ్యం."

పెళ్లయిన తర్వాత ఆయన ఆమెను, వెటకారం లేకుండా, పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె గేటు ఊచ పట్టుకుంది.

"చూస్తున్నారనేనండీ, ఇక్కడ నిలబడ్డాను."