వెనక నుంచి అందిన మాట

శాంతవ్వ, ఆమె కూతురు కృప రోజూ పెర్కిట్ నుంచి ఆటోలో ఆర్మూర్ వచ్చి ఒకే గోదాంలో పసుపు ఏరేవారు. పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి మండలు ఇంకో కుప్ప. ఇరవై ఆరేళ్ల కృప ఏరిన కుప్పను మళ్లీ ఎవరూ తిరగేసి చూడాల్సిన పని ఉండేది కాదు. ఆమెకు ఆటిజం ఉందని చిన్నప్పుడే నిజామాబాద్‌లో డాక్టరు చెప్పాడు. అంటే ఎదుటివాళ్ల ముఖం చూడకపోవడమేనని శాంతవ్వ అనుకుంది.

మార్చిలో గోదాంకి శ్రీకాంత్ అనే కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. ఒక మధ్యాహ్నం పసుపు పాలిష్ చేసే డ్రమ్ము పెద్ద మోతతో తిరుగుతుండగా కృప ఎదురుగా నిలబడి ఏదో పని చెప్పాడు. ఆమె కదల్లేదు. దగ్గరికొచ్చి, వంగి, ఇంకా గట్టిగా చెప్పాడు. కృప కళ్లు మూసుకుంది.

"నేను మాట్లాడుతుంటే కండ్లు మూస్కుంటవా? లే, ఇంటికి పో!"

శాంతవ్వ పరుగున వచ్చింది. ఎప్పటి అలవాటుగానే కూతురి గడ్డం పట్టుకుని ముఖం అతనివైపు తిప్పింది. "సారు దిక్కు చూడు బిడ్డా!"

కృప ఆ చేతిని విదిలించుకుని బయటికెళ్లి, లారీ నీడలో కూర్చుంది.

డ్రమ్ము ఆగాక శ్రీకాంత్ వచ్చాడు. కోపం కొంత తగ్గింది. ఆమె వెనకే నిలబడి అడిగాడు. "ఏమైంది? చెప్పింది ఇనబడలేదా?"

"ఇనబడ్డది సారు," కృప రోడ్డు వైపు చూస్తూనే అంది. "మీ మూతి కదిలేది ఒకటి, గొంతు ఇంకొకటి. గా మోతల నాకు రెండూ కలవయి. ఒక్కదాన్నే పట్టుకోవాలె. కండ్లు మూస్కుంటే మాట అందుతది."

శ్రీకాంత్ ఆమె ముందుకు రాలేదు. వెనక నుంచే నాలుగు పనులు వరసగా చెప్పాడు. కృప నాలుగింటినీ పొల్లు పోకుండా తిరిగి చెప్పింది.

"సరే. ఇగ నుంచి డ్రమ్ము ఆపినంకనే చెప్త. లోపలికి రా," అన్నాడు.

గుమ్మంలో నిలబడి శాంతవ్వ అంతా విన్నది. ఆ గడ్డాన్ని తను ఎన్నిసార్లు పట్టి తిప్పిందో తలుచుకుంటూ ఆ రోజంతా కొమ్ముల కుప్పలో మండలు వేసింది.

సాయంత్రం ఇంటి మెట్టు మీద కూతురి పక్కన కూర్చుంది. ఎదురుగా కాదు.

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"నువ్వు ముఖం పట్టుకొని అడుగుతవు. ఏమడిగినవో సమజ్ కాదు."

శాంతవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వీధిలోకే చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి కృపే మొదలుపెట్టింది. "నాయిన చెప్పినయన్ని యాదికున్నయి."

అతను పోయి తొమ్మిదేళ్లు.

"సైకిల్ మీద అంకాపూర్ పోతుంటే నాయిన ముందట, నేను ఎనుక. వీపే కనబడేది. మాట మంచిగ వచ్చేది."

"ఏం చెప్పేటోడు?"

"చర్చిల నువ్వొక్కదానివే తప్పు చరణం అందుకొని గట్టిగ పాడినవట. అప్పుడే నువ్వు నచ్చినవట."

శాంతవ్వకు నవ్వొచ్చింది. "గా ముచ్చట నాకెన్నడు చెప్పలేదు!"

"ఇంకా మస్తు చెప్పిండు," అంది కృప.

ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి చాలా ఆలస్యంగా వెలిగింది.