కృపారాణి పావుగంట

"టీ పెట్టలేదా?" అని విజయ్ కుమార్ వాకిట్లోనుంచి అడిగేసరికి, అతని భార్య కృపారాణి తీసుకుంటున్న ఊపిరి సగంలోనే ఆగిపోయింది. రక్తపోటు ఎక్కువగా ఉందనీ, మాత్రతోపాటు రోజూ పావుగంట కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలమనీ కొమరోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మాత్ర మింగడం సులువే. ఆ పావుగంటను ఆ ఇంట్లో ఎక్కడ దొరకబుచ్చుకోవాలో తెలియలేదు. మిరపకోతకు వెళ్ళేముందు వంట, వచ్చాక అంట్లు, ఆపైన అత్త మార్తమ్మకు కాళ్ళు పట్టడం.

ఒక ఉదయం ఈగలు ముసురుతున్నాయని, చర్చిలో కప్పుకున్నట్లే తలమీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకు కూర్చుంది. మార్తమ్మ గుమ్మంలోనే ఆగి, కొడుకును వెనక్కి నెట్టింది. "ఉష్. కృప ప్రార్థనలో ఉండాది. పిలవబాక."

ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించకపోవడం ఆ ఇంటి మర్యాద. కృపారాణి ఆ పొరపాటును దిద్దలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ఇల్లు ఆమె కోసం నిశ్శబ్దమైంది.

ఆ సుఖం నిలవలేదు. "ఎట్లాగూ కూర్చుంటాండావు గదా, నా మోకాళ్ళ గురించి గూడా అడుగు," అంది మార్తమ్మ. "బోరులో నీళ్ళు పడాలని గట్టిగా అడుగు. పోయినసారి నువ్వు సరిగ్గా అడిగినట్ల లేదు," అన్నాడు విజయ్ కుమార్. "వదినా, మా ఆయన తాగుడు గూడా అందులో ఏసుకో," అంది పక్కింటి రేచల్. కళ్ళు మూసుకుంటే చాలు, అందరి కోరికలూ లోపల బారులు తీరేవి. బోరు ఎండితే తప్పు తనదేనా? మోకాళ్ళ నొప్పి తగ్గకపోతే తన విశ్వాసం చాలలేదా? తన కోసం అడుగుతున్నవారు ఒక్కరైనా ఉన్నారా? కళ్ళు తెరిచేసరికి మెడనరాలు మునుపటికంటే బిగిసి ఉండేవి. డాక్టరమ్మ బీపీ చూసి, "ఇంకా పెరిగిందేమ్మా, చెప్పినట్లు కూర్చుంటున్నావా?" అని అడిగింది.

మరునాటి ఉదయం మార్తమ్మ ఆమె చెవి దగ్గరగా వంగింది. "చర్చి ఆడోళ్ళందరినీ శుక్రవారం మనింటికి పిలిచినా. ప్రార్థన నువ్వే నడపాల. వంట గూడా చూసుకో."

కృపారాణి కళ్ళు తెరిచింది. "అత్తా, నేను ప్రార్థన చెయ్యడం లేదు. బీపీకి డాక్టరమ్మ చెప్పినట్ల ఊపిరి పీల్చుకుంటాండా."

"అంతేనా?" అంటూ విజయ్ కుమార్ లోపలికి వచ్చాడు. "అయితే లెయ్. ఆటో వచ్చే టైమయింది, సద్ది కట్టు."

"ఇన్నాళ్ళు దేవుని పేరు చెప్పి మమ్మల్ని మోసం చేసినావా?" అంది మార్తమ్మ.

"దేవుని పేరు నేను చెప్పలేదత్తా. మీరే అనుకున్నారు. ఇది నా కోసం."

గుండె చెవుల్లో దడదడలాడుతోంది. వాళ్ళిద్దరూ ఎదురుగా నిలబడి, ఆమె లేస్తుందని చూస్తున్నారు. కృపారాణి లేవలేదు. ఈసారి కళ్ళు మూసుకోకుండా, వాళ్ళ ముఖాలు చూస్తూనే, నెమ్మదిగా ఊపిరి పీల్చింది.