కిటికీ పక్క చోటు

తామ్ నాలుగో గుండిగ అన్నం దించి, తూటికూర పులుసులోకి చింతపండు పిసికింది. సముద్రపు ఒడ్డునున్న క్వీన్యోన్ ఊళ్లోని ఆ చిన్నపిల్లల బడి వంటగదిలో ఆమెకిది ఇరవై రెండో ఏడు. యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది. రోజూ పొద్దున్నే ప్లేకూ కొండల నుంచి క్యాబేజీ లారీ దిగుతుంది. పై ఆకులు వలిస్తే లోపల ఇంకా చల్లగా తగులుతుంది. ఆ పడమటి కొండల గురించి ఆమె చేతికి తెలిసిందే ఆమెకూ తెలుసు.

అది బడికి ఆఖరి రోజు. పిల్లలు తిని చాపల మీద నిద్రపోయాక టీచర్లు భోజనాల బల్ల చుట్టూ చేరారు. ఏటా వాళ్ల వేసవి ప్రయాణం ఖాయమయ్యేది అక్కడే. ఈసారి నాలుగు రోజులు. మర్నాడు బయలుదేరి ప్లేకూ, కోంతుమ్, అక్కణ్నుంచి కొండదారిన హోయ్ఆన్ పాతపట్నం, చివరికి హ్వే రాజకోట. చిన్న టీచరు న్యాన్ కాగితం మీద వేళలు రాస్తోంది. బల్ల తుడుస్తున్న తామ్, ఎనిమిది దాటితే కనుమ దగ్గర రోడ్డు పనికి బళ్లు ఆపేస్తున్నారని క్యాబేజీ లారీ డ్రైవరు అన్నాడని, అయిదింటికే కదలమని చెప్పింది. న్యాన్ ఆరు కొట్టేసి అయిదు వేసింది.

హెడ్మాస్టరు ఖోవాకు అప్పుడే ఆమె కనబడినట్టుంది.

“తామక్కా, నువ్వూ రారాదూ? కోంతుమ్‌లో మనం దిగే ఇంట్లో వంటిల్లుంది. నువ్వుంటే మాకు హోటళ్ల చుట్టూ తిరిగే బాధ తప్పుద్ది.”

“బస్సులో కిటికీ పక్కన చోటుందా సార్?”

ఆయన నవ్వాడు. “కిటికీలు మేడమ్‌లు ఎప్పుడో పంచేసుకున్నారు. వెనకాల సామాన్ల దగ్గర సర్దుకుందువులే.”

న్యాన్ తన చోటు ఇస్తానని నోరు తెరవబోయి, పక్కావిడ ముఖం చూసి మళ్లీ కాగితం మీదికి వంగింది.

తామ్‌కు కోపం రాలేదు. ఆ బల్ల దగ్గర ఇన్నేళ్లుగా విన్న ఊళ్ల పేర్లు వరసగా గుర్తొచ్చాయి, అంతే. ఆలోచించి చెబుతానంది. వెళ్తూ వెళ్తూ ఆ కాగితానికి ఇంకో నకలు రాసిమ్మని న్యాన్‌ను అడిగింది.

“నీకెందుకక్కా?”

“దారి తెలిసుంటే మంచిది గదమ్మా.”

మర్నాడు అయిదింటికి బస్సు గేటు దగ్గర నిలబడింది. తామ్ వస్తుందేమోనని పావుగంట చూశారు. న్యాన్ దిగి వాచ్‌మన్‌ను అడిగింది. నిన్న సాయంత్రమే, ఖాళీగా తిరిగిపోతున్న క్యాబేజీ లారీలో ఆవిడ వెళ్లిపోయిందని అతను చెప్పాడు. ముందు కూర్చుందట. అద్దం పూర్తిగా దించమని డ్రైవర్ని రెండుసార్లు అడిగిందట.

“నాలుగు రోజుల్లో వస్తానంది టీచరమ్మా. దారిలో మీరెక్కడైనా కనబడితే పలకరిస్తానంది.”

న్యాన్ వంటగదిలోకి తొంగి చూసింది. గుండిగలు బోర్లించి ఉన్నాయి. తొట్టి పైన మేకుకు, గిన్నెలు తోమేటప్పుడు తామ్ వేసుకునే ఎడమచేతి రబ్బరు తొడుగు ఒకటి వేలాడుతోంది. దాని వేళ్లు ఇంకా కొంచెం వంగే ఉన్నాయి.